కూత ఉండగానే గీత దాటాలి
గేమ్స్ మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే బస్సులో వచ్చినట్టున్నాయి. నలుగురు కలిసి ఏదో గ్రహం మీద దిగడం, దొరికింది ఏరుకోవడం, చచ్చేలోపు ఓడ ఎక్కేయడం... ఈ రకం ఆటల గురించే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వరసపెట్టి అడిగారు. సెలవులకి ఇంటికొచ్చిన హాస్టల్ పిల్లలు ఊళ్లో మిగతావాళ్లకి అంటించి పోయినట్టున్నారు. సరే, ఈసారికి ఆ ఒక్క సబ్జెక్టే. గన్ స్కిన్ల గురించి అడిగినవాళ్లు వచ్చేసారి దాకా ఓపిక పట్టండి.

అన్నా, మా రూమ్మేట్లు ‘ఎక్స్‌ట్రాక్షన్’ అంటారు, ‘రోగ్‌లైట్’ అంటారు, ‘ఈ రన్ పోయింది’ అని నెత్తి కొట్టుకుంటారు. ఏమిట్రా అది అంటే నవ్వుతారు. పబ్జీ తప్ప ఇంకోటి ఆడని మనిషికి అర్థమయ్యేట్టు చెప్పు.
– డిగ్రీ రెండో ఏడాది విద్యార్థి, నరసన్నపేట

తమ్ముడూ, నువ్వు చెడుగుడు ఆడే ఉంటావు. కూత పెట్టి అవతలి బరిలోకి దూరతావు, ఒకణ్ణి ముట్టుకుంటావు, ఇంకొకణ్ణి కాలితో తాకుతావు, మూడోవాడు కూడా అందేలా ఉన్నాడని ఒక అడుగు ముందుకేస్తావు. ఇంతా చేసి పాయింటు ఎప్పుడొస్తుంది? కూత తెగకుండా వెనక్కొచ్చి గీత తాకితేనే. మధ్యలో పట్టేశారా, ముట్టుకున్న ముగ్గురూ లెక్కలోకి రారు, పైగా నువ్వే అవుట్. ఎక్స్‌ట్రాక్షన్ అంటే అంతే. లోపలికి వెళ్లడం, సరుకు ఏరుకోవడం, నిర్ణీత టైములోపు బయటపడే దారి పట్టుకోవడం. బయటపడితే సంచిలో ఉన్నది నీది. లేకపోతే సంచితో సహా పోయింది.

పబ్జీకీ దీనికీ తేడా అక్కడే. పబ్జీలో చివరిదాకా మిగిలినవాడు గెలుస్తాడు. ఇక్కడ ఎవరినీ చంపకుండా, ఎవరికీ కనపడకుండా, రెండు వైర్లూ ఒక బ్యాటరీ పట్టుకుని జారుకున్నవాడు కూడా గెలిచినట్టే. 2025 అక్టోబరు 30న వచ్చిన ‘ఆర్క్ రెయిడర్స్’లో చాలామంది చేసేది అదే. ఆకాశం నుంచి యంత్రాలు దిగి భూమిని ఆక్రమించుకుంటాయి, మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు, పైకెళ్లి తుక్కు ఏరుకుని కిందికి దిగిపోవాలి. స్వీడన్ స్టూడియో ఎంబార్క్ చేసిన ఆట. ఎదురుపడ్డ మనిషి కాలుస్తాడో, చెయ్యి ఊపి పోతాడో తెలియకపోవడమే అందులో అసలు మజా.

ఇక రోగ్‌లైట్. 1980లో అమెరికాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు ‘రోగ్’ అనే ఆట చేశారు. అందులో బొమ్మలు లేవు. తెరమీద అక్షరాలే. నువ్వంటే ‘ఎట్’ గుర్తు (@), మీద పడే రాక్షసులు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు. ఆడిన ప్రతిసారీ గదులు మారిపోతాయి, చస్తే మళ్లీ మొదట్నుంచే. అలా మొదలెట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఆడే ఒక్కో విడతనే మీవాళ్లు ‘రన్’ అంటున్నది. ఆ వంశంలో పుట్టినవాటినే రోగ్‌లైక్ అన్నారు. తర్వాత కొందరికి జాలి కలిగింది. చచ్చినా ఏదో ఒకటి మిగిలేట్టు చేశారు. 2013లో వచ్చిన ‘రోగ్ లెగసీ’లో నువ్వు చస్తే నీ వారసుడు కత్తి పట్టుకుంటాడు, నువ్వు తెచ్చిన బంగారంతో కోట కట్టుకుంటాడు. తాత పోయినా పొలం మిగిలినట్టు. ఆ మిగిలే కాస్త వల్లే ‘లైట్’ అయింది.

ఒక సంగతి చెప్పనా, రోగ్ పేరు అందరూ ఎత్తుతారు గానీ దీన్ని పెద్దగా పట్టించుకోరు. ఆ పాత రోగ్‌లో గెలవాలంటే 26వ అంతస్తు దాకా దిగి అక్కడున్న తాయెత్తు పట్టుకోవాలి. పట్టుకుంటే అయిపోదు, దాంతో మళ్లీ పైకంతా ఎక్కి బయటికి రావాలి. అంటే ఎక్స్‌ట్రాక్షన్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, తాత జేబులోనే ఉంది. ‘ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్’ అనే ఆట 2017లో బీటాగా, అంటే పరీక్షకి వదిలిన రూపంలో, వచ్చాక ఆ మాట అందరి నోటా నానింది, అంతే.

బాబూ, మా వాడు ఇంజినీరింగ్ మూడో ఏడాది, సెలవులకి వచ్చాడు. రాత్రి పదకొండు దాటాక చెవులకి ఏదో తగిలించుకుని ‘నన్ను వదిలేయండ్రా, నా శవం సంగతి తర్వాత, ముందు సరుకు ఓడలో పడేయండి’ అని అరుస్తున్నాడు. నిన్న ‘ఈ రోజు కోటా కట్టకపోతే మనందర్నీ బయటికి తోసేస్తారు’ అన్నాడు. వీడు ఎవరికైనా బాకీ పడ్డాడా? ఇది డబ్బులు పెట్టి ఆడే ఆటా? మా ఆయనకి ఇంకా చెప్పలేదు.
– ఒక తల్లి, పలాస

అమ్మా, మీ ఆయనకి చెప్పే పనిలేదు. బాకీ ఉన్నమాట నిజమే గానీ అది ఆటలో కంపెనీకి. మీరు రాసిన మాటల్ని బట్టి మీవాడు ఆడుతున్నది ‘లీథల్ కంపెనీ’. 2023 అక్టోబరులో వచ్చింది, జీకర్స్ అనే పేరుతో ఒక్క మనిషి చేశాడు. ఆ కథలో నలుగురు కూలీలు ఒక కంపెనీ తరఫున పాడుబడ్డ చందమామల మీద దిగి పాత ఇనుము, గంటలు, ఇంజిన్ ముక్కలు ఏరుకొస్తారు. మూడు రోజుల్లో ఇంత విలువ తేవాలని కోటా ఉంటుంది. మొదటిది 130, తర్వాత పెరుగుతూ పోతుంది. కట్టలేకపోతే మీవాడు చెప్పినట్టు నలుగుర్నీ ఓడ తలుపు తెరిచి అంతరిక్షంలోకి నెట్టేస్తారు. ఆట మళ్లీ మొదట్నుంచి. మన దగ్గర కూడా టార్గెట్ పెట్టే ఉద్యోగాలు చేసినవాళ్లు ఆ సీను చూసి తెగ నవ్వుతారు, నవ్వి కాసేపు మాట్లాడరు.

శవం సంగతి కూడా నిజమే. ఎవరైనా చస్తే జరిమానా పడుతుంది, శవాన్ని మోసుకొస్తే ఆ జరిమానా తగ్గుతుంది. నలుగురూ చస్తే మాత్రం ఓడలో పోగేసిన సరుకంతా గల్లంతు. అందుకే ‘నన్ను వదిలేయండి, సరుకు ముందు’ అంటున్నాడు. త్యాగమమ్మా అది, మీరు కాస్త గర్వపడొచ్చు.

డబ్బు పందెం కాదు. సుమారు పది డాలర్లకి ఒకసారి కొనుక్కుంటారు, ఆ తర్వాత అందులో పైసా పెట్టేదీ లేదు, గెలుచుకునేదీ లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు ఒడ్డి ఆడే ఆటల్ని. రమ్మీ, బెట్టింగు లాంటి వాటిని మన రాష్ట్రం 2020లోనే ఆపింది. ఇలాంటి ఆటలకి వాటితో సంబంధం లేదు. అయితే ఒక్కటి అడగండి: ‘ఆటలో సామాను ఎవరి దగ్గరైనా డబ్బులిచ్చి కొంటున్నావా?’ అని. లీథల్ కంపెనీలో ఆ బెడద లేదు గానీ, టార్కోవ్ లాంటి వాటిలో దొంగచాటుగా అమ్మేవాళ్లు ఉంటారు. ఆట రూల్సు దాన్ని ఒప్పుకోవు, డబ్బు పోతే అడిగే దిక్కు ఉండదు.

ఎప్పుడు కంగారు పడాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండీ చదువూ మనుషులూ అన్నిటికంటే ఆటే ముందు కావడం, నష్టం కళ్లముందు కనపడుతున్నా మానకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపిస్తే అప్పుడు దాన్ని జబ్బుగా చూస్తారు. సెలవుల్లో పది రోజులు రాత్రిళ్లు అరిస్తే అది జబ్బు కాదు, పక్కింటివాళ్లకి చిరాకు.

ఇంకోమాట. ‘ఇప్పుడే ఆపు’ అని వైరు లాగేయకండి. అందులో ఒక రోజు అంటే మనకి పావుగంట లోపే, ఆటలో అర్ధరాత్రి అవగానే ఓడ దానంతటదే లేచిపోతుంది. ‘ఈ రోజు అయ్యాక రా’ అంటే వాడికి అర్థమవుతుంది, గొడవ ఉండదు. అన్నానికి పిలిచేటప్పుడు మాత్రం తలుపు దగ్గరికి వెళ్లి మెల్లిగా పిలవండి. ఎందుకో చెప్తాను. అందులో కళ్లులేని కుక్కలు ఉంటాయి. వాటికి చూపు లేదు, వినికిడి మాత్రం పాము చెవులే, మన మైకులోంచి వచ్చే మాట కూడా వింటాయి. ఒక రాత్రి మా నలుగురం ఓడకి పది అడుగుల దూరంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం, కుక్క పక్కనుంచే వాసన చూసుకుంటూ పోతోంది, ఒక్కడు కిక్కురుమనడం లేదు. అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి ‘ఒరే గుంటడా, కూడు సల్లారిపోతంది, రావేటి!’ అని ఒక్క కేక. మా అమ్మది ఎచ్చెర్ల వైపు, ఆ గొంతు పొలం అవతలికి కూడా వినపడుతుంది. కుక్క ఆగింది. తల తిప్పింది. తర్వాత సంగతి చెప్పను.

అన్నా, ఎనిమిది జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. నాకు ఏదైనా నడుస్తుందా? – రాజాం

ఆర్క్ రెయిడర్స్ వైపు చూడకు, కడుపు మంట తప్ప ఏమీ మిగలదు. 2013లో వచ్చిన మొదటి ‘రిస్క్ ఆఫ్ రెయిన్’ ఉంది, టూ-డీ బొమ్మలు, చాలా తేలిక, సైన్స్ ఫిక్షనే, స్నేహితులతో కలిసి ఆడొచ్చు. ఒంటరిగా అయితే 2012 నాటి ‘ఎఫ్‌టీఎల్’, ఒక అంతరిక్ష నౌకా అందులో నీ మనుషులూ. అది ఆడాక గ్రాఫిక్స్ కార్డు కొనాలన్న కోరిక ఆర్నెల్లు వాయిదా పడుతుంది, నాకు పడింది.

అయ్యా, లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. మనవడు ‘తాతా, ప్రతిసారీ కంప్యూటరే కొత్త మ్యాపు కనిపెడుతుంది’ అంటున్నాడు. యంత్రం కనిపెట్టడమేమిటి? పైగా నలుగురు నాలుగు ఊళ్లలో ఉండి ఆడుతుంటే అందరికీ అదే మ్యాపు ఎలా వస్తోంది? వాడి దగ్గర జవాబు లేదు.
– విజయనగరం

మాస్టారూ, నమస్కారం. ఇంతకాలానికి ఈ శీర్షికకి ఒక మంచి ప్రశ్న వచ్చింది.

సంక్రాంతి నెలలో మన ఆడవాళ్లు ఫోన్లో ముగ్గు చెప్పుకోవడం వినే ఉంటారు. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది దాకా’ అంటుంది అక్క. ఫలానా పువ్వు ముగ్గు అని పేరు చెప్తుంది. అంతే. అవతల బొబ్బిలిలో చెల్లెలు అచ్చం అదే ముగ్గు తన వాకిట్లో దించేస్తుంది. ముగ్గు ఫొటో పంపలేదు, ప్రతి గీతా వర్ణించలేదు. గీసే పద్ధతి ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి రెండు సంఖ్యలూ ఒక పేరూ సరిపోయాయి. ఆటలో ఆ సంఖ్యని సీడ్ అంటారు, అంటే విత్తనం. చాలా ఆటల్లో ఒకరి కంప్యూటరు మిగతా ముగ్గురికి ఆ విత్తనాన్ని పంపితే చాలు, ఎవరి కంప్యూటరు వాళ్ల ఇంట్లోనే అదే మ్యాపు గీసుకుంటుంది. మ్యాపంతా పంపాలంటే మన నెట్లకి తెల్లారిపోద్ది.

విత్తనంలోంచి మ్యాపు ఎలా మొలుస్తుందో మీకోసం చిన్న లెక్క. ఏదో ఒక సంఖ్య తీసుకుని ఐదుతో గుణించి, మూడు కలిపి, పదహారుతో భాగించి, శేషం రాసుకోండి. శేషంతో మళ్లీ అదే పని. 7తో మొదలుపెడితే 6, 1, 8, 11, 10, 5, 12... ఇలా వస్తాయి. ఇప్పుడు ఎనిమిది కంటే తక్కువైతే సందు, ఎనిమిదీ ఆపైన అయితే గది అనుకోండి. సందు, సందు, గది, గది, గది, సందు, గది. మీ భవనం తయారు. చూసేవాడికి అడ్డదిడ్డంగా కనపడుతుంది గానీ 7 ఇస్తే ఎన్నిసార్లయినా ఇదే భవనం వస్తుంది. ఈ లెక్క పదహారు అడుగుల తర్వాత మొదటికి వచ్చేస్తుంది, ఎందుకో మీరు మనవడికి చెప్పగలరు. నిజం ఆటలు వాడే సంఖ్యలు చాలా పెద్దవి, తిరిగి మొదటికి రావడం చూడ్డానికి మన జీవితం చాలదు.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1984లో ‘ఎలీట్’ అనే అంతరిక్ష వ్యాపారం ఆటలో, కేంబ్రిడ్జిలో చదువుతున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ ఎనిమిది గెలాక్సీలు పెట్టారు. ఒక్కోదానిలో 256 నక్షత్రాలు, మొత్తం 2048. వాటి పేర్లు, ధరలు, పాలన ఎలాంటిది అన్నీ రాసి పెట్టుకోవడానికి ఆనాటి మెషీన్లో చోటేది? ఉన్నదే 32 కిలోబైట్లు. అందుకని ఏదీ రాసి పెట్టలేదు, కొద్దిపాటి విత్తనం సంఖ్యల్లోంచి అవసరమైనప్పుడల్లా పుట్టించారు. మనవడి మాట సగం తప్పు, సగం ఒప్పు. యంత్రం కనిపెట్టదు. మనిషి పద్ధతి కనిపెడతాడు, గదుల ముక్కలు కూడా చాలావరకు మనిషే ముందు చేసి పెడతాడు. ఏ ముక్క పక్కన ఏది అతకాలో మాత్రం శేషం చెప్తుంది.

మేం నలుగురం చిన్నప్పటి నుంచి ఫ్రెండ్స్, ఒకడు హైదరాబాదు, మిగతా ముగ్గురం బొబ్బిలి. ఆదివారం రాత్రి కలిసి ఆడతాం. మాలో ఒకడికి ఆశ. ‘ఇంకొక్క గది, ఇంకొక్క గది’ అంటాడు, అందరం చస్తాం. పోయిన వారం వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు, మేమే ఏదో అనేశాం. వాడిది తప్పా, మాదా?
– బొబ్బిలి

ఇద్దరిదీ. కానీ ముందు వాణ్ణి గ్రూపులోకి తీసుకురండి, నలుగురాటకి ముగ్గురైతే మజా ఉండదు.

ఆశపోతు ఫ్రెండ్ తప్పు ఎక్కడుందో లెక్కేసి చూద్దాం. మీ సంచిలో 200 విలువ సరుకు ఉంది. ఇంకో గదిలోకి వెళ్తే 60 దొరుకుతుంది, కానీ నాలుగుసార్లలో ఒకసారి చస్తారు, చస్తే మొత్తం పోతుంది అనుకోండి. వెళ్తే సగటున చేతికొచ్చేది 260లో ముప్పాతిక, అంటే 195. చేతిలో ఉన్న 200 వదిలి 195 కోసం ఎవడైనా వెళ్తాడా? అదే గది, అదే ప్రమాదం, సంచిలో మాత్రం 20 ఉందనుకోండి. 80లో ముప్పాతిక 60. ఇరవై కోసం ఆగిపోయేవాడు పిరికివాడు, వెళ్లాల్సిందే. చూశారా, ‘ఇంకొక్క గది’ అన్న మాట మొదట్లో ఒప్పు, చివర్లో తప్పు. మీవాడు రెండుచోట్లా ఒకటే పాట పాడుతున్నాడు. మీరేమో మొదటి గదిలోనే ‘చాల్రా పోదాం’ అంటూ ఉంటారని నా అనుమానం, అందుకే వాడు మీ మాట లెక్కచేయడం మానేశాడు.

చింతపల్లి తీరం నుంచి బోట్ల మీద వేటకెళ్లేవాళ్లని అడగండి. వల నిండుతుంటే అందరికీ ఇంకాసేపు ఉండాలనే ఉంటుంది. కానీ గాలి మారిందని బోటు నడిపించే సరంగు అంటే వెనక్కి తిప్పుడే, అక్కడ ఓటింగు ఉండదు. మీ నలుగురిలో కూడా ఆ రాత్రికి సరంగు ఎవరో దిగకముందే తేల్చుకోండి. వారం వారం మార్చుకోండి. ఒకసారి మీ ఆశపోతునే చేయండి, బాధ్యత నెత్తిన పడితే మనిషి ఎలా మారతాడో చూద్దురు గాని.

తర్వాత మోత సంగతి. ఎక్కువ బరువు మోస్తే నెమ్మదిస్తారు, రెండు చేతులా పట్టుకునే వస్తువైతే ఇంకోటి పట్టలేరు. లోపల అటూ ఇటూ అన్నీ మోసుకు తిరక్కుండా, దొరికింది దొరికినట్టు గుమ్మం దగ్గర కుప్ప పోయండి, ఒకడు కుప్పకీ ఓడకీ మధ్య తిరుగుతుంటాడు. నలుగురూ చస్తేనే గదా ఓడలో సరుకు పోయేది, ఒకడు బయట ఉంటే అది కాస్త కష్టం. లీథల్ కంపెనీ అయితే నాలుగోవాడు ఓడలోనే కూర్చుని తెర చూస్తూ, కోడ్ కొట్టి లోపలి తలుపులు తెరుస్తూ, వాకీటాకీలో ‘కుడివైపు ఏదో కదుల్తోంది’ అని చెప్తుండాలి. బోరు కొట్టే పని అనుకుంటారు, కాదు, అసలు టెన్షనంతా వాడిదే. ఇంకోటి, కోటా గడువు ఆఖరి రోజున అమ్మితేనే పూర్తి రేటు. ముందురోజే వెళ్లి అగ్గువకి అమ్ముకుని రాకండి.

‘డీప్ రాక్ గెలాక్టిక్’ కూడా ప్రయత్నించండి. డెన్మార్క్ వాళ్లది, పూర్తి రూపంలో 2020లో వచ్చింది. నలుగురు మరుగుజ్జు గనికార్మికులు, ప్రతిసారీ కొత్త గుహ, గోడ ఏదైనా తవ్వేయొచ్చు. పని అయ్యాక బటన్ నొక్కితే మనల్ని పట్టుకెళ్లే చిన్న ఓడ, అంటే పాడ్, పైనుంచి దిగుతుంది, ఇక ఐదు నిమిషాల పరుగు, వెనకనుంచి పురుగుల దండు. నాకు నచ్చే రూలు ఏమిటంటే, నలుగురిలో ఒక్కడు పాడ్ ఎక్కినా మిషన్ గెలిచినట్టే. ఆశపోతులున్న టీములకి ఇది కాస్త దయగల ఆట. వాడు చచ్చినా మీరు తిట్టుకోనక్కర్లేదు.

అన్నా, ఒక ఎక్స్‌ట్రాక్షన్ ఆటలో అరగంట పాకి పాకి బయటపడే చోటు కనపడుతుండగా కరెంటు పోయింది. వచ్చేసరికి తుపాకీ, సంచి, అన్నీ పోయాయి. మెయిలు పెడితే తిరిగిస్తారా? – ఇచ్ఛాపురం

ఇవ్వరు. పోవడమే ఆ ఆట. ఏడుపొస్తే ఏడిచేయ్, ఇక్కడ అందరం ఏడ్చినవాళ్లమే. వచ్చేసారికి రౌటరుకి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకో, వైఫై బదులు కేబులు గుచ్చు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ రకం ఆట జోలికి పోకు, మనది గాలివానల జిల్లా. టార్కోవ్ లాంటి వాటిలో చచ్చినా పోని చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, విలువైనది దొరకగానే అందులో వేసెయ్. లోపలికి దిగేముందు సామానుకి ఇన్సూరెన్స్ కట్టొచ్చు, నీ శవం మీంచి ఎవరూ ఎత్తుకుపోకపోతే తర్వాత తిరిగొస్తుంది. ఎత్తుకుపోతే వాడి అదృష్టం. అసలు కొత్తలో మంచి తుపాకీ పట్టుకెళ్లకు. పోయినా బాధ కలగనిది పట్టుకెళ్లు.

మేం ముగ్గురం ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది, విజయనగరం. మన ప్రాంతంలో జరిగే సైన్స్ ఫిక్షన్ ఎక్స్‌ట్రాక్షన్ రోగ్‌లైట్ చేద్దామనుకుంటున్నాం. నలుగురు ఆడేది. ప్రాజెక్టుకీ పనికొస్తుంది. ఎక్కడ మొదలెట్టాలి? కథ ఇంకా దొరకలేదు.

తమ్ముళ్లూ, కథ కోసం వెతుక్కోవడం ఎందుకు, గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులు ఉన్నాయి కదా. ఎప్పుడో తవ్వి వదిలేసిన గుంట, వానాకాలం నీళ్లు నిండి నల్లగా కనపడే గుంట, గట్టు మీద తాటిచెట్లు. రెండు వందల ఏళ్ల తర్వాత, మనుషులు భూమి వదిలిపోయాక, ఆ గనిలోంచి ఖనిజం పట్టుకెళ్లడానికి ఓడ దిగిందనుకోండి. లోపల ఏముందో మీ ఇష్టం. అమెరికా పాడుబడ్డ ఫ్యాక్టరీ ఇంటర్నెట్లో వెయ్యి దొరుకుతాయి, తాటిచెట్ల కింద దిగిన ఓడని నేనింతవరకు చూడలేదు.

కానీ మొదలెట్టాల్సింది కథతో కాదు, నెట్‌వర్కుతో. ‘ముందు ఒక్కడు ఆడేట్టు చేసి తర్వాత నలుగురికి మారుద్దాం’ అని చాలామంది అనుకుంటారు, తర్వాత ఆర్నెల్లు అంతా విప్పి మళ్లీ కుట్టుకుంటారు. తలుపు ఎవరు తెరిచారు, సరుకు ఎవరి చేతిలో ఉంది, రాక్షసుడు ఎవరి కంప్యూటర్లో ఆలోచిస్తున్నాడు, ఇవి మొదటిరోజే తేల్చుకోవాలి. రెండు ఖాళీ డబ్బాలు రెండు లాప్‌టాపుల్లో కలిసి కదిలి, ఒక డబ్బా ఇంకో డబ్బాకి ఒక రాయి అందించగలిగితే అప్పుడు ఊపిరి పీల్చుకోండి. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కావాలంటే గోడో ఉంది, పైసా ఖర్చు లేదు. మూడు గదుల ముక్కలు, ఒక రాక్షసుడు, ఒక బయటిదారి, గడియారం. ఇంతే చేసి మీ తమ్ముళ్లనీ బావల్నీ కూర్చోబెట్టి ఆడించండి. వాళ్లు దారి దగ్గరికొచ్చి కూడా వెనక్కి తిరిగి చూస్తున్నారా? చూస్తే ఆట పుట్టినట్టే. చూడకపోతే సరుకు విలువో, గడియారమో సరిగ్గా లేదు.

మిగిలేది ఏమిటో కూడా ఆలోచించండి. చచ్చినా మిగిలేది మరీ ఎక్కువైతే చావంటే భయం పోతుంది, అసలు లేకపోతే మూడోరోజు ఆట తీసేస్తారు. నా సలహా, సామాను మిగలనివ్వకండి, తెలిసిన విషయం మిగలనివ్వండి, అంటే కొత్త పనిముట్టు చేసే పద్ధతి, ఓడలో ఒక కొత్త బల్ల, అలాంటివి. ఇంకా ‘రిస్క్ ఆఫ్ రెయిన్ 2’ చూడండి. అందులో కష్టం గడియారంతో పాటు పెరుగుతుంది, పైన పట్టీలో తేలిక, మధ్యస్థం అంటూ మొదలై, చివరికి ఆటే మనల్ని చూసి ‘హహహహ’ అని నవ్వుతుంది. పెట్టెలన్నీ వెతికి బలం పెంచుకోవాలా, టైము పోతోందని పరిగెత్తాలా అన్న తగువు అంతా ఆ ఒక్క పట్టీ తెచ్చిపెట్టింది.

చివరగా ఒక ఐడియా ఊరికే ఇస్తున్నాను, వాడుకుంటే పేరు వేయక్కర్లేదు. ఆక్సిజన్ బదులు కూత పెట్టండి. గని లోతుల్లో గాలి లేనిచోట మైకులో కూత తెగకుండా పెడుతున్నంతసేపే ఆటగాడి చుట్టూ కవచం ఉంటుంది. కూత ఆగితే కవచం పోతుంది. కానీ ఆ కూత రాక్షసుడికి కూడా వినపడుతుంది. నలుగురూ ఒకేసారి చెడుగుడు చెడుగుడు అంటూ చీకట్లో నడుస్తుంటే, ఒకడికి దగ్గు వస్తే... నేనైతే ఆ ఆట కొంటాను.

ఇన్ని చెప్తారు కదా, మీరెన్నిసార్లు బతికి బయటపడ్డారు సార్? – పేరు రాయలేదు, సాలూరు

ఆ వెటకారం నాకు అర్థమైంది. మొన్న ఆదివారం సంగతి చెప్తాను. డీప్ రాక్‌లో ముగ్గురు పడిపోయారు, నేనొక్కణ్ణే పాడ్ ఎక్కాను. నలభై సెకన్లు ఉంది. పైన ఏం రాశానో తెలుసుగా, ఒక్కడు ఎక్కినా గెలిచినట్టే, కాళ్లు కదపకుండా కూర్చుంటే చాలు. హెడ్‌సెట్లో ఒకడు ‘అన్నా, నేను పక్కనే, పది అడుగులే, లేపేయొచ్చు’ అన్నాడు. దిగాను. వాణ్ణి లేపుతుండగా వెనకనుంచి ఏదో పడింది. ఇద్దరం నేలమీద పడుకుని చూస్తుండగా ఖాళీ పాడ్ తలుపేసుకుని వెళ్లిపోయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం నలుగురం విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర కలిశాం, టీ, పునుగులు. డబ్బులు నాచేతే కట్టించారు.